అసిరమ్మ చుక్క

అనగనగా అంటే ఎన్నేళ్ల కిందట అని అడక్కండర్రా. నాకూ తెలీదు, నాకు చెప్పిన మా పెద్దమ్మకీ తెలీదు. బట్టలుతికే యంత్రాలు లేని కాలం అనుకోండి. ఊరి బట్టలన్నీ మూటలు కట్టుకుని గాడిదల మీద రేవుకి పోయే కాలం. బట్టలు ఉడకేసే ఉబ్బబాన పొగ వాసన, ఎండలో ఆరిన చీర వాసన, ఆహా, అవి ఇప్పుడెక్కడ! మీరు ఊ కొడుతూ ఉండండి, నేను చెబుతూ ఉంటాను. ఊ ఆగితే కథ ఆగుతుంది, తర్వాత నన్ననొద్దు.

ఆ కాలంలో, సముద్రం హోరు వినిపించే ఒక పట్నం చివర పెద్ద గోడల ఇల్లు ఒకటి ఉండేది. మతి చెదిరినవాళ్లని అందులో ఉంచేవారు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట" అని మనం నవ్వుకుంటాం చూడండి, ఆ గోడల పక్కన మాత్రం ఎవరూ ఆ మాట అనేవారు కాదు. మన ఇంటి మనిషి లోపల ఉంటే నవ్వెక్కణ్ణుంచి వస్తుంది?

కొందర్ని అయినవాళ్లే తెచ్చి దింపేవారు. కొందర్ని జాతరల్లో దిక్కు తెలీకుండా తిరుగుతుంటే పోలీసులు తెచ్చేవారు. కొందర్ని బండిలో తెచ్చి, గేటు దగ్గర కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా" అని చెప్పి వెళ్లిపోయేవారు. అలాంటివాళ్లు కొందరు ముప్పై ఏళ్లు ఆ గేటు వైపే చూస్తూ కూర్చున్నారు.

లోపలికి వెళ్లగానే మూడు పనులు జరిగేవి. పేలు పడతాయని జుట్టు తీసేసేవారు. చీర విప్పించి ముతక చొక్కా తొడిగేవారు. చెప్పగలిగితే పేరు రాసుకునేవారు, చెప్పలేకపోతే ఒక అంకె వేసేవారు. జుట్టు పోయేది, చీర పోయేది, పేరు పోయేది.

ఆ ఇంటి బట్టలు ఉతికేది చాకలి అసిరమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఒక గుడిసె, ఒక బాన, ఒక ముసలి గాడిద, అదే ఆవిడ సంపద. నోరు మాత్రం పెద్దది. బట్టల్ని బండకేసి బాదుతూ లోకంలో ఉన్నవాళ్లందర్నీ తిట్టేది. గోడల్లోపలివాళ్లని మాత్రం ఒక్క మాట అనేది కాదు.

కొత్తగా వచ్చినవాళ్ల చీరలూ పంచెలూ ముందు అసిరమ్మ దగ్గరికే వచ్చేవి. ఉతికి ఇస్తే, వాటిని చింపి నేల తుడిచే గుడ్డలు చేసేవారు. ఉతికేటప్పుడు అసిరమ్మ కన్ను చీర మూలకే పోయేది. అక్కడ చాకలి గుర్తు ఉంటుంది. మీకు తెలీదు కదా, చెబుతా వినండి. పదిళ్ల బట్టలు ఒకే బానలో ఉడుకుతాయి. ఏ చీర ఎవరిదో మారిపోకుండా, చాకలి నల్లజీడి పిక్కని సూదితో గుచ్చి, ఆ రసంతో ఇంటికో గుర్తు పెడతాడు. ఒక ఇంటికి మూడు గీతలు, ఒక ఇంటికి సున్నా, ఒక ఇంటికి నిచ్చెన. చీర చిరుగుతుంది గాని ఆ గుర్తు చెరగదు.

"గుమస్తా బావు పుస్తకంలో ఏటి రాసినాడో నాకు తెల్దు గానీ, ఈ మనిసికి ఓ ఇల్లున్నాదని ఈ మూల సెప్తన్నాది. దీన్ని నేల తుడుసుకుంతారా?" అని అసిరమ్మ మండిపడింది. మండిపడి ఊరుకోలేదు. గుర్తున్న మూలని నాలుగు వేళ్ల మేర కత్తిరించి, ఆ మనిషి చొక్కా అంచు లోపల కుట్టేసింది. చొక్కా చిరిగితే ఆ మూల విప్పి కొత్త చొక్కాకి కుట్టేది. ఒకరికి కాదు, ఇద్దరికి కాదు, వచ్చిన ప్రతి మనిషికీ కుట్టింది.

"ఏమే, ఈ పీలికలేమిటి?" అని గుమస్తా గద్దించాడు.

"గుర్తు లేపోతే బట్టలు మారిపోతాయి బావూ" అంది అమాయకంగా. నిజమే కాబోలు అనుకున్నాడు ఆ మహానుభావుడు.

అలా జుట్టు పోయింది, చీర పోయింది, పేరు పోయింది. గుర్తొక్కటీ మిగిలింది. ఊ కొట్టండి మరి.

కొన్నేళ్లకి ఆ గేటు దగ్గరికి సన్యాసమ్మ అనే పిల్ల వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. వాళ్లమ్మ తవిటమ్మ ఏదో జాతరలో తప్పిపోయిందని చెప్పి ఆ పిల్లని పెంచారు. అసలు సంగతి వేరు. సన్యాసమ్మకి ఐదేళ్లప్పుడు చెల్లెలు పుట్టి పురిట్లోనే పోయింది. ఆ దిగులుతో తవిటమ్మ మాట మానేసింది, వంట మానేసింది, గోడకేసి చూస్తూ ఉండిపోయింది. మొగుడు ఆమెని బండెక్కించి ఇక్కడ దింపేశాడు. పరువు పోతుందని గుమస్తాకి వేరే పేరు, వేరే ఊరు చెప్పాడు. ఆ తండ్రి పోయాక మేనత్త నోరు జారి ఈ సంగతి బయటపెట్టింది. బయటపెట్టి, "కడుపు సించుకుంతే కాళ్ల మీద పడతాది, ఊరుకోయే" అంది. సన్యాసమ్మ ఊరుకోలేదు. అమ్మ బతికుంటే ఇంటికి తీసుకుపోవాలి, ఆ పిల్లకి అదొక్కటే పట్టింది.

మొదటి రోజు గుమస్తాని అడిగింది. ఆయన పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పాడు. ఆ పేరు లేదు, ఆ ఊరు లేదు.

రెండో రోజు కాళ్లావేళ్లా పడితే ఆడవాళ్లని వసారాలో వరసగా నిలబెట్టారు. అందరివీ గుండ్లే, అందరివీ ఒకే చొక్కాలు. సన్యాసమ్మకి అమ్మ జడ గుర్తుంది, అమ్మ పసుపు చీర గుర్తుంది. మొహం గుర్తులేదు. అలా చూస్తూ ఉండగానే ఒక ముసలమ్మ పరిగెత్తుకొచ్చి, "వొచ్చీసినావేటే నా తల్లీ!" అని వాటేసుకుంది. ఇంకొకామె వచ్చి, "నా గుంటే! ఇది నా గుంటే!" అంది. మూడో ఆమె పేరు గంగులమ్మ. ఆమె వచ్చి ఆ పిల్ల చెంగు పట్టుకుని నిలబడింది. ముగ్గురికీ ఆ పిల్లే కూతురు. ఎవర్ని కాదంటుంది? అక్కడే కూలబడి ఏడ్చింది.

మూడో రోజు ఇంటి దారి పట్టి, మొహం కడుక్కుందామని రేవులో దిగింది.

"ఎవులే నువ్వు? నా రేవులో ఉప్పునీళ్లు కలిపేత్తన్నావు!" అంది అసిరమ్మ. ఆ పిల్ల ఎక్కిళ్ల మధ్య అంతా చెప్పింది. అసిరమ్మ బాదడం ఆపేసింది.

"మీ ఊరి సాకలెవులు?"

"ఎర్రయ్య తాత. ఇప్పుడు కళ్లు కనపడవు."

"కళ్లెందుకే, సెయ్యుంతే సాలు. ఎల్లు. మీ యింటికి ఏ గుర్తెట్టీవోడో, నీ చెంగు మూల ఎట్టించుకొచ్చీ. అరిసేతిలో ఎట్టించుకోకు, జీడి తగిల్తే పుండైపోతాది."

సన్యాసమ్మ రెండు రోజులు నడిచి ఊరికి పోయింది. తవిటమ్మ పేరు వినగానే ఎర్రయ్య తాత గుడ్డి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాపటేల అన్నానికెల్తే, ఆ తల్లి నా గిన్నిలో కూర ఎక్కువేసీది. ఊరు మర్సిపోనాది గానీ నాను మర్సిపోన్లేదమ్మా" అన్నాడు. వేలితో తడుముకుంటూ ఆ పిల్ల చెంగు మూల రెండు నిలువు గీతలు, కింద ఒక కొక్కెం పెట్టాడు.

ఆ గుర్తుతో సన్యాసమ్మ మళ్లీ రెండు రోజులు నడిచి వచ్చింది. అసిరమ్మ చెంగు చూసింది. తిన్నగా వసారాలోకి నడిచింది. ఆ ముగ్గురూ తమ చొక్కాల అంచులు తిప్పి చూపించారు. ఒకరిది సున్నా, ఒకరిది మూడు గీతలు, గంగులమ్మది నిచ్చెన. అసిరమ్మ ముగ్గురికీ తల అడ్డంగా ఊపి ముందుకి పోయింది. వసారా చివర, ఆ రోజు వరసలోకి కూడా రాని మనిషి ఒకామె గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. అసిరమ్మ ఆమె చొక్కా అంచు తిప్పింది. రెండు నిలువు గీతలు, కింద కొక్కెం.

"అమ్మా" అంది సన్యాసమ్మ. ఆమె తిరగలేదు. ఇంకోసారి పిలిచింది, తిరగలేదు. మూడోసారి పిలవలేదు, తన చెంగు మూల తెచ్చి అమ్మ చొక్కా మూల పక్కన పెట్టింది. తవిటమ్మ ఆ గుర్తు చూసింది, ఈ గుర్తు చూసింది. రెండిటినీ వేలితో తడిమింది.

"ఎర్రయ్య బతికే ఉన్నాడేటి?" అంది. పదిహేనేళ్ల తర్వాత ఆమె ఆడిన మొదటి మాట అది.

ఆ గోడల ఇంటి పెద్ద డాక్టరు రెండు గుర్తులూ పక్కపక్కన పెట్టి చూసి, తీసుకెళ్లమన్నాడు. తల్లీ కూతుళ్లు గేటు దాటుతుంటే గంగులమ్మ మళ్లీ సన్యాసమ్మ చెంగు పట్టుకుంది. "నన్నొగ్గీసి ఎల్లిపోతావేటి?" అంది. అసిరమ్మ ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, "నీవోళ్లని నాను తెత్తాను, నా మాట నమ్ము" అంది.

మాట ఇవ్వడం తేలికే. అసిరమ్మ ఆ మూడు గుర్తులూ గుడ్డ మీద గీసుకుని తమవాళ్ల పెళ్లిళ్లకి పోయింది, జాతరలకి పోయింది, ఊరూరి రేవులకి పోయింది. "ఈ గుర్తెవులిది?" అని అడిగింది. చాకళ్లు ఒక రేవునుంచి ఇంకో రేవుకి అడిగించారు. ఏడాది తిరిగేసరికి సున్నా గుర్తు ముసలమ్మ కోసం అన్న బండి కట్టుకుని వచ్చాడు. మూడు గీతలావిడ కోసం కొడుకొచ్చాడు, సణుక్కుంటూనే అనుకోండి, అయినా వచ్చాడు. నిచ్చెన గుర్తు ఇల్లూ దొరికింది. ఆ ఇంటివాళ్లు గుమ్మంలోంచే, "ఆవిడకి దినం చేసేశాం. చచ్చిన మనిషి మళ్లీ గడప తొక్కకూడదు" అన్నారు. అసిరమ్మ వాళ్లని తిట్టిన తిట్లు మీ ముందు చెప్పను, పిల్లలున్నారు.

"మావోళ్లొత్తన్నారా?" అని గంగులమ్మ అడిగింది. "దారిలో ఉన్నారు" అంది అసిరమ్మ. ఇంకో వారం అడిగింది. "కోతలైపోనీ" అంది. మూడో వారం అడిగితే, అంత నోరున్న అసిరమ్మ మొహం చాటేసింది. మాట ఇచ్చి తప్పానన్న బాధతో గుడిసెకి వచ్చి బాన పక్కన కూర్చుంది. తన చీర మూల చేతిలోకి తీసుకుని చూసుకుంది. దాని మీద ఏ గుర్తూ లేదు. చాకలి ఇంటి బట్టకి గుర్తుండదర్రా. అందరి బట్టలూ వేరుచేసేవాళ్లు తమ బట్టకి గుర్తెందుకు పెట్టుకుంటారు? అసిరమ్మ లేచి జీడిపిక్క తీసింది, సూది తీసింది. తన చీర మూల ఒక చుక్క పెట్టుకుంది. మర్నాడు గంగులమ్మ చొక్కా మూలా ఒక చుక్క పెట్టి, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"అయినవాళ్లతోనే పంపుతాం. నీకేమవుతుంది?" అన్నాడు డాక్టరు.

"మా యింటి మనిసి బావూ" అని రెండు చుక్కలూ చూపించింది.

"ఇంకా తడే ఆరలేదు కదే! ఇది కొత్తగా పెట్టిన గుర్తు."

"ఏ గుర్తయినా ఓనాడు కొత్తగా ఎట్టిందే గదా బావూ!"

డాక్టరు పుస్తకం ముందుకి లాక్కున్నాడు. తర్వాత కలం తీసి, బంధువు అని ఉన్నచోట అసిరమ్మ పేరు రాశాడు.

గంగులమ్మ రేవులో ఆరేసిన బట్టల దగ్గర కూర్చుని మేకల్ని తోలేది. ఎవరూ రానివాళ్లని ఇంకో ఇద్దర్ని అసిరమ్మ అలాగే చుక్క పెట్టి తెచ్చుకుంది. గుడిసె ఇరుకు, గంజి పలచన, తిట్లు మాత్రం చిక్కన. అయినా వాళ్లు నవ్వడం దారిన పోయేవాళ్లకి వినిపించేదట.

చాలా ఏళ్లకి, ఒక వానాకాలంలో అసిరమ్మ పోయింది. సన్యాసమ్మ వచ్చింది, గుడ్డి ఎర్రయ్య కొడుకులొచ్చారు, ఏడూళ్ల చాకళ్లొచ్చారు. పాడె ఎత్తబోతుంటే గంగులమ్మ ఆపింది. జీడిపిక్కా సూదీ తీసి, అసిరమ్మ మీద కప్పిన కొత్త గుడ్డ మూల చుక్క పెట్టింది.

"ఆ గుడ్డకి గుర్తెందుకే? ఇంక దాన్ని ఎవులుతుకుతారు?" అన్నారు జనం.

"ఆ లోకం ఎంత పెద్దదో ఏటో. తప్పిపోతే, మా యింటి మనిసని అక్కడోళ్లకి తెలవొద్దా?" అంది గంగులమ్మ.

అదర్రా అసిరమ్మ కథ. ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ అమ్మా నాన్నా లేని పిల్లకి పెళ్లయితే, మధుపర్కం మూల నల్లచుక్క పెడతారు. దిక్కులేని శవానికి గుడ్డ కప్పితే దానికీ చుక్క పెడతారు. ఊరూ పేరూ చెప్పలేని మనిషి ఎవరి అరుగు మీదకొచ్చి కూర్చున్నా, కొత్త గుడ్డ ఇచ్చి, మూల చుక్క పెట్టి, అన్నం పెడతారు. చుక్క ఉన్న మనిషిని "నీకెవరున్నారు?" అని అడక్కూడదు. అడిగితే పెద్దవాళ్లు మొట్టికాయ వేస్తారు. నాకూ పడింది.

ఇప్పుడు జీడిపిక్కలు దొరక్క పెన్నుతో పెడుతున్నారు. పెన్ను చుక్క నాలుగు ఉతుకులకి పోతుంది. పోతే మళ్లీ పెడతారు.