చెయ్యెత్తమ్మ తల్లి వలలను కొలిచే కథ

ఇంతవరకు ఎవరి ముందూ నోరు విప్పి చెప్పని మాట ఒకటి ముందుగా ఈ స్థలపురాణం పుస్తకంలో రాస్తున్నాను. పోయిన ఏడాది జ్యేష్ఠంలో ఒక వల అమ్మవారి చేతి మీద దిగలేదు. దిగిందని చెప్పింది నేనే.

భక్తులకు ఇది అర్థం కావాలంటే స్థలం సంగతి తెలియాలి. కంకరపాలెం రేవుకు ఉత్తరాన, పడవలు ఎక్కించే ఇసుక దిబ్బ మీద శ్రీ చెయ్యెత్తమ్మ తల్లి వెలసి ఉంది. గర్భగుడిలో ముఖం లేదు, ఆయుధాలు లేవు. ఇసుకలోంచి మోచేతి దాకా లేచిన నల్లరాతి చెయ్యి మాత్రమే ఉంది. అది ఆరేళ్ల ఆడపిల్ల చెయ్యంత ఉంటుంది. అయిదు వేళ్లూ విడివిడిగా పైకి చాచి ఉంటాయి.

పూర్వం ఇక్కడ పోలయ్య అనే వలపెద్ద ఉండేవాడు. అందరి వలల కళ్లలోనూ వేలు దూరేది. పోలయ్య మాత్రం గుడ్డనేతలాంటి వల అల్లించాడు. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో కూడా ఆగకుండా పిల్లచేపలతో సహా ఊడ్చుకొచ్చేవాడు. తిన్నంత తిని, మిగిలింది కొబ్బరి మొక్కల మొదట్లో పోసేవాడు. పక్క పడవలు ఖాళీగా తిరిగొచ్చేవి. "మీకు సేతకాపోతే సముద్రం ఏటి సేస్తది?" అని వాళ్లనే ఎగతాళి చేసేవాడు.

ఒకనాడు కలలో ఒక చిన్నపిల్ల కనబడి, "తాతా, నా చెయ్యి నీ వల్లో ఇరుక్కుంది. తియ్యి" అంది. రాత్రి తిన్న పీతలు అరగలేదనుకుని పోలయ్య మళ్లీ వేటకు పోయాడు. ఆ రోజు వల ఎంతకీ రాలేదు. పెద్ద చేప పడిందని సంబరపడి పదిమంది లాగితే, ఒడ్డుకొచ్చింది ఈ రాతి చెయ్యి. వల దాని వేళ్లకు బిగుసుకుని ఉంది. ఎంత గుంజినా ఊడలేదు. ఏడాది పాటు అల్లిన వల కదా, కొయ్యడానికి పోలయ్యకు మనసొప్పలేదు. మూడు నెలలు చెయ్యి అలాగే ఉంది. మూడు నెలలూ ఈ రేవులో ఒక్క చేప పడలేదు.

చివరికి ఆయన కోడలు అసిరమ్మ చేపలు కోసే కత్తి పట్టుకొచ్చింది. "వల కోస్తే మళ్లీ అల్లుకుంతాం మావా. పిల్ల సెయ్యి కోస్తే మళ్లీ మొలుస్తదేటి?" అని వలను నిలువునా కోసేసింది. మర్నాడు చేపలు వచ్చాయి.

అప్పటినుంచి వేట నిషేధం ముగిసి పడవలు దిగే ముందు, జ్యేష్ఠ శుక్రవారం నాడు ప్రతి వలనూ అమ్మవారి చేతి మీద వేస్తారు. వల కళ్లలోంచి అయిదు వేళ్లూ బయటికొస్తే దిగినట్టు. రాకపోతే ఆ వలను ఏడాదంతా గుడి స్తంభానికి కట్టేస్తారు. మొదటి వేటలో ప్రతి పడవ నుంచీ ఒక గంప పడవ లేని ఇళ్లకు పోతుంది. దిగిందో లేదో చెప్పేది అసిరమ్మ వంశపు ఆడవాళ్లు. మా నానమ్మకు చూపు మందగించాక ఆ పని నాకొచ్చింది.

పోయిన ఏడాది తాతారావు గారి రింగు వల, చేపల గుంపును మొత్తంగా చుట్టేసే సన్న కళ్ల వల, ఆ వేళ్ల మీద తడిగుడ్డలా కూర్చుంది. గుడి మండపం కట్టించిన మనిషి ఆయన. "ఓలమ్మీ, అమ్మోరికి ఈ యేడు సేతి ఏళ్లు లావెక్కినట్టున్నాయి, సూడు" అన్నాడు. అందరూ నవ్వారు. మా అన్నయ్య పని చేసేది ఆయన బోటులోనే. నేనూ నవ్వి, దిగింది అన్నాను.

కార్తీకానికల్లా గోరంత కవళ్ల చేపపిల్లలు కూడా లారీలెక్కి చేపల పొడి ఫ్యాక్టరీకి పోయాయి. ముప్ఫై ఏళ్లుగా గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన సన్నెమ్మ పిన్ని ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తుంచుతోంది. పదకొండు మంది మగవాళ్లు గుజరాత్ బోట్ల మీదకు పోయారు. సముద్రం అందరిదీ అంటాడు తాతారావు గారు. అందరిదైతే పిన్ని గంపలోకి ఎందుకు రాలేదు? ఇంకా పెరగని చేపను కోళ్ల మేతకు అమ్మేసి ఊరు బాగుపడుతోందని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఈ పుస్తకం అచ్చు వేయిస్తున్నదీ ఆయనే. "కొలత ఇప్పుడు లాంఛనం మాత్రమే" అని రాయమన్నాడు. రాయను.

చెయ్యెత్తమ్మను దర్శించి, వల దించుకుని వెళ్లిన పడవ ఖాళీగా రాదనీ, ఆ ఇంట పిల్లలు ఆకలితో పడుకోరనీ పెద్దల నమ్మకం. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తప్పు చెప్పిన మనిషి, మళ్లీ కొలత వచ్చేలోగా కులపెద్దకు నిజం చెబితే, ఆ వలను ఊరందరి ముందూ మళ్లీ చేతి మీద వేస్తారు.

ఈ ఏటి కొలత శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులుంది. కులపెద్ద గున్నయ్య తాత తాళ్లు కొనడానికి కాకినాడ వెళ్లాడు. ఆయన నంబరు గుడి గోడ మీదే ఉంది. అన్నయ్యకు ముందు చెబితే పని పోతుందని వద్దంటాడు, నేను ఆగిపోతాను. అందుకని ముందు తాతకే ఫోన్ చేస్తాను.