సూరన్న ఇంటి స్పీకరు కాగితం

లంక ఊళ్ళో ఏటి ఒడ్డు ఇల్లు సూరన్నది. తమంత తెలివైన కుటుంబం ఏటికి ఈ పక్కా లేదు, ఆ పక్కా లేదని వాళ్ళకి గట్టి నమ్మకం. అడగనివాళ్ళక్కూడా చెప్పేవాళ్ళు. సూరన్న, భార్య కాసులమ్మ, కొడుకు పోలయ్య, ముగ్గురి బుర్రలూ కలిపి తూచినా వేపగింజంత తూగవు.

కిందటేడు వరదకి ధాన్యం కొట్టుకుపోతే, బ్యాటరీతో నడిచే ఓ వరదపెట్టె కొన్నారు. ఒడ్డున కట్టిన తీగకి నీళ్ళు తగలగానే "నీళ్ళొస్తున్నాయి, గట్టు మీదికి పోండి" అని అరుస్తుంది. ఎవరైనా మీట నొక్కేదాకా ఆపదు. ఇప్పుడు దాని స్పీకరుని ఎలుక కొరికేసింది. ఇంట్లో ఆరు బస్తాల ధాన్యం ఉంది, ఏడాది తిండి అదే. పైన చూస్తే మబ్బు పట్టింది.

పోలయ్య పట్నం వెళ్ళి కొత్త స్పీకరు తెచ్చాడు. కొట్టువాడు పాపం పాతదాని వెనక చూసి, అలాంటిదే రెండంగుళాలది, ఎనిమిది ఓములది వెతికి ఇచ్చాడు. కాగితం చేతిలో పెట్టి, ఇందులో ఉన్నట్టే నడుచుకోమన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

స్పీకరు బిగించి కాగితం చదివారు. అర వాటు మించకూడదని ఉంది. అంతకంటే ఎక్కువ పంపితే స్పీకరు కాలిపోతుందని దానర్థం. వీళ్ళు ఇల్లంతా కలయజూశారు. వంటింట్లో బల్బే తొమ్మిది వాట్లు. ఇంకేముంది, బల్బులన్నీ ఊడబీకి, ఫ్యాను దించి, చీకట్లో వండుకున్నారు. కాసులమ్మ బెల్లమనుకుని పులుసులో సబ్బుముక్క వేసింది. నురగ చూసి బాగా మరిగిందని మెచ్చుకుంటూ తిన్నారు.

తరవాతి వరసలో, మూడు వందల హెర్ట్జ్ కంటే కింద పలకదని ఉంది. మరీ బొంగురు గొంతు దాంట్లోంచి సరిగ్గా రాదని. సూరన్నది బొంగురు గొంతు. ఆ గొంతు వింటే స్పీకరు పాడైపోతుందని, ఆయన ముక్కు మూసుకుని సన్నగా కీచుమనడం మొదలెట్టాడు. అలా పిలిచేసరికి గేదె బెదిరి, తాడు తెంపుకుని గట్టు మీదికి పోయింది. వరదకి ముందే గట్టు చేరిన తెలివి ఆ ఇంట్లో దానికొక్కదానికే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఏరు పొంగింది. పెట్టె అరిచింది. బస్తాలు పక్కనే ఉన్నా, ముగ్గురూ కాగితం కోసం పరిగెత్తారు. స్పీకరుకి తడి తగలకూడదని ఉంది. అంతే, పెట్టెని నెత్తికెత్తుకుని, గొడుగు పట్టి, ఊరేగింపుగా గట్టు మీదికి తీసుకెళ్ళి దుప్పటి కప్పారు. మనుషులు తడవకూడదని కాగితంలో ఎక్కడా లేదు కనక మళ్ళీ ఇంటికి దిగారు.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. పైన పెట్టె అరుస్తూనే ఉంది.

"నాన్నా, అది మనల్నే పిలుస్తున్నట్టుంది. బస్తాలెత్తుకుని పోదామా?" అన్నాడు పోలయ్య.

సూరన్నకి ఒళ్ళు మండింది. కాగితంలో ఆఖరి వరస చూపించాడు. ఒక మీటరు దూరంలో శబ్దం ఎనభై అయిదు డెసిబెల్స్ అని ఉంది. ఎంత గట్టిగా పలుకుతుందో ఆ దూరంలో కొలిచి రాశారు, అంతకంటే ఏమీ లేదు.

"ఇక్కణ్ణుంచి గట్టుకి యాభై మీటర్లుంటుందిరా. దీంట్లో రాసింది ఒక్క మీటరే. ఇంత దూరం అది వినపడదు."

"మరి వినపడతందిగా?"

"కాగితం కంటే నీ చెవులు గొప్పయ్యాయా? మూసుకో."

ముగ్గురూ రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడ్డారు. బస్తాలు ఒక్కొక్కటే తేలుతూ గుమ్మం దాటాయి. పట్టుకుందామంటే ఒక్కళ్ళకీ చేతులు ఖాళీ లేవు.