మూడో ముడి దాకా

కాళ్ళు ముడుచుకుని ఇటు తిరుగు చిట్టీ. ఊఁ కొడితేనే చెబుతాను.

అనగనగా ఒక ఊళ్ళో సన్నాయి వాయించే రాఘవులు ఉండేవాడు. ఆయన కూతురు నాంచారి. నాన్న పక్కన కూర్చుని తనూ వాయించేది. పెళ్ళిలో పంతులుగారు "గట్టిమేళం" అనగానే, మూడు ముళ్ళూ పడేదాకా సన్నాయి ఆగకూడదు. తుమ్ము గానీ చెడ్డమాట గానీ ఎవరి చెవినా పడకూడదని ఆ ఆచారం. పిన్ని సీతాలు పెళ్ళికి గట్టిమేళం తనే వాయించాలని నాంచారి కోరిక.

ఒకసారి ఏదో పెళ్ళిలో, నోటిదురద ఎక్కువైన ఒకావిడ "ఊదీ ఊదీ పిల్ల బుగ్గలు బూరెలయ్యాయే" అని నవ్వింది. ఆ మాట నాంచారి మనసులో దిగబడిపోయింది. ఆ తర్వాత కంచం ముందు కూర్చుంటే చాలు, "వద్దు, తినొద్దు" అని లోపల్నుంచి ఒక గొంతు.

తిననంటే అమ్మ ఊరుకోదు కదా. అందుకని శనివారం ఉపవాసమంది. ఆ తర్వాత సోమవారమంది. ఆ తర్వాత గురువారం కూడా అంది. అమ్మలక్కలు "ఎంత భక్తో" అని మెచ్చుకున్నారు. వాళ్ళ మెప్పు మండిపోను, పిల్ల చిక్కి శల్యమవుతుంటే ఒక్కరికీ కనపడలేదు. చివరికి అమ్మకు భయం వేసి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. దిష్టి అయితే కదా పోవడానికి.

అప్పుడేమైందంటే, ఒక పెళ్ళిలో రెండో ముడి పడుతుండగా నాంచారికి ఊపిరి చాలక సన్నాయి ఆగిపోయింది. నాన్న చటుక్కున పాట అందుకున్నాడు కాబట్టి సరిపోయింది. నాంచారి మాత్రం కళ్ళు తిరిగి పక్కనున్న డోలు మీద ఒరిగిపోయింది.

మర్నాడు నాన్న పట్నం తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించాడు. లోపలి గొంతు సంగతి నాంచారి చెప్పేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. "ఇది ఉపవాసం కాదమ్మా, జబ్బు. నీ తప్పు కాదు. వైద్యం నేను చేస్తాను. నీకేం కావాలో నువ్వు చెప్పు" అంది.

"మూడో ముడి దాకా ఊపిరి కావాలండి."

"అందుకు నీ దగ్గరేముంది?"

నాంచారి ఆలోచించింది. "మొండితనం ఉందండి."

"మంచిది. ఇన్నాళ్ళూ దాన్ని ఆకలి మీద చూపించావు. ఇప్పుడు ఆ గొంతు మీద చూపించు."

అప్పట్నుంచి నాంచారి పంతం పట్టింది. మొదట, సాకులు చెప్పకుండా అందరితో కలిసి కంచం ముందు కూర్చుంది. ఆ తర్వాత, అమ్మ కలిపి పెట్టిన ముద్దలు ఏడుస్తూనైనా తింది. "వద్దు" అని గొంతు అంటూనే ఉండేది, ఈవిడ నములుతూనే ఉండేది. పట్నం వెళ్ళి డాక్టరమ్మతో మాట్లాడి వచ్చేది.

అన్ని రోజులూ ఒకలా ఉంటాయా చిట్టీ? ఒకరోజు ముద్దలన్నీ చాటుగా కాకులకు వేసేసింది. వేసి కుమిలిపోయింది. కానీ దాచలేదు, తనే వెళ్ళి చెప్పింది.

"చెప్పావు, అదే పదివేలు. రా, మళ్ళీ కలుపుతాను" అంది అమ్మ.

అలా పడుతూ లేస్తూ ఉండగా సీతాలు పెళ్ళి వచ్చింది. పంతులుగారు "గట్టిమేళం" అన్నారు. నాంచారి సన్నాయి ఎత్తింది. మొదటి ముడి పడింది. రెండో ముడి పడింది. నాన్న తన సన్నాయి పెదవుల దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అవసరం రాలేదు. మూడో ముడి పడి, అక్షింతలన్నీ రాలేదాకా నాంచారి వాయిస్తూనే ఉంది. రాఘవులు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

కథ అయిపోయిందనుకున్నావా? అసలు ముడి ఇంకా ఉంది.

ఆ తర్వాత మేళం వాళ్ళు భోజనాల బంతిలో కూర్చున్నారు. ఆ రోజు శనివారం. వడ్డించే ఆయన నాంచారి విస్తరి దాటి వెళ్ళిపోతూ, "అమ్మాయికి ఉపవాసం కదా" అన్నాడు. లోపలి గొంతు సంబరపడిపోయింది. మంచి సాకు నడిచి వచ్చింది మరి. నాంచారి నోరు తెరిస్తే చాలు, అవునంటే సరిపోతుంది.

నాంచారి నోరు తెరిచింది.

"నాకు ఉపవాసం లేదు బాబాయ్. అన్నం పెట్టు" అంది. ఆయన పెట్టాడు. "బూరె కూడా వెయ్యి" అంది.

సన్నాయి చేరె సంచికి,
కథ చేరె కంచికి,
ముద్ద చేరె నోటికి,
మనం చేరాం ఇంటికి.