మబ్బురంగు గోడ

ఇంటికి రంగులు వేయిద్దామనుకున్న రోజునే వామనమూర్తి మనశ్శాంతి పోయింది. హాల్లో పెద్దగోడకి నీలం, బూడిద కలిసిన ముదురు రంగు కావాలంది భార్య సువర్చల. వానకి ముందు కమ్మే మబ్బు రంగు.

తెల్లగోడకి మళ్లీ తెలుపే వేయాలన్నాడు వామనమూర్తి. ఆయన రోజూ ధ్యానానికి కూర్చునేది ఆ గోడ దగ్గరే. వెన్ను నిటారుగా ఎలా నిలపాలో ఆదివారాలు నలుగురికి నేర్పేదీ అక్కడే. తెలుపు గొప్పతనం గురించి భార్యకి చాలా చెప్పాడు. ఆమె ఎదురు చెప్పలేదు, మాటా మార్చుకోలేదు.

ఆఖరికి, గోదావరి గట్టున పాక వేసుకుని ఉండే తన గురువు తాయమ్మ దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాడు.

"మీరైనా చెప్పండమ్మా. తెలుపు సాత్వికం. మీరూ తెల్లచీరే కడతారు కదా!"

"ఎవరో ఇచ్చారు, కట్టుకున్నాను," అంది తాయమ్మ. "ఆ రంగే ఎందుకు కావాలందిట?"

"ఆడవాళ్ల సరదాలకి కారణాలుంటాయా అమ్మా?" అని నవ్వాడు. తన గురువు కూడా ఆడమనిషేనని, నవ్వడం పూర్తయ్యాక గుర్తొచ్చింది.

"పద, ఆ గోడేదో చూద్దాం," అని లేచిందామె.

హాల్లో గోడ వారగా ధ్యానం చాప పరిచి ఉంది. దాని పైన, మనిషి కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, గుండ్రంగా జిడ్డు మరక. వామనమూర్తి దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆయన కూర్చున్నప్పుడు అది వీపు వెనకే ఉంటుంది మరి.

"ఇదెవరిది?" అంది తాయమ్మ.

"ధ్యానం చేసేవారిదండి," అంది సువర్చల, ఆమెకి మజ్జిగ అందిస్తూ. "నిటారుగానే మొదలుపెడతారు. కాసేపటికి గురక వినిపిస్తుంది."

తాయమ్మ నవ్వలేదు. "బకెట్టుతో నీళ్లు, ఒక గుడ్డా పట్రా నాయనా."

"సువర్చలా, బకెట్టు!"

"నిన్ను తెమ్మన్నాను."

తన ఇంట్లో బకెట్టు ఎక్కడుంటుందో వెతుక్కుని తెచ్చాడు. రుద్దాడు. మరక పోకపోగా వెడల్పయింది. సబ్బు పెట్టి ఇంకా గట్టిగా రుద్దితే రంగు పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది.

"అలా కాదండీ. సబ్బునీళ్లు అద్ది, నానేదాకా ఆగాలి," అంది సువర్చల. "నెలనెలా నేను చేసేది అదే."

నెలనెలా! ఆయన చెయ్యి ఆగిపోయింది. భుజం అప్పటికే లాగేస్తోంది. గుడ్డ బకెట్లో పడేసి, పెద్దమనసు చేసుకుని లేచి నిలబడ్డాడు.

"అర్థమైందమ్మా. ఆ ముదురు రంగే వేయిస్తాను. మరక కనబడదు, తుడిచే బాధా తప్పుతుంది. పాపం, అందుకే అడిగినట్టుంది."

తాయమ్మ సువర్చల వైపు తిరిగింది. "అందుకేనా అమ్మా?"

"కాదండి. ఏ రంగు మీద పడ్డా మరక మరకే, ఎవరో ఒకరు తుడవాల్సిందే. నాకా రంగు ఇష్టం."

వామనమూర్తి తడిచేతులతో భార్య మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. వెనకాల గోడ మీంచి మురికినీళ్లు చాప మీదికి కారుతున్నాయి.

తాయమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"ఇంకా దేనికి చూస్తున్నావు నాయనా? ఆవిడ చెప్పడం అయిపోయింది."