గంభీరయ్య బండ దిగిన రోజు

అనగనగా ఒక సముద్రపు ఒడ్డున గంభీరయ్య అనే గూడబాతు ఉండేవాడు. ఎవరికి ఏం జరిగినా కారణం చెప్పడం అతని పని. చూడకుండానే చెప్పేయడం అతని గొప్ప!

ఒకరోజు ఒక డాల్ఫిన్ చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. గంభీరయ్య దూరంగా తన బండ మీద నుంచే మెడ సాచి, "ఇది సొరచేప పనే!" అన్నాడు. ఆ మాట నమ్మి అక్కడి ప్రాణులందరూ కలిసి సొరచేపను తరిమేశారు, పాపం.

వారం తిరక్కుండా ఇంకో డాల్ఫిన్ కొట్టుకొచ్చింది. "ఇది వల పని," అన్నాడు గంభీరయ్య, రెక్కలు దువ్వుకుంటూ.

గిల్లక్క అనే ఎర్రపీత శవం చుట్టూ తిరిగి చూసింది. "ఒంటి మీద పంటి గాటు లేదు, వల గీత లేదు. లోపల కూడా చూద్దామా, గంభీరయ్యగారూ?" అంది.

"ఛీ, కంపు! నా అనుభవం చాలదా?" అని గంభీరయ్య మూతి తిప్పుకున్నాడు. అంత పొడుగు మూతి తిప్పుకోవడానికి కాస్త సమయం పట్టిందనుకోండి.

మూడోసారి ఒక ముసలి డాల్ఫిన్ కొట్టుకొచ్చింది. అదే రోజు అలివేణి అనే తల్లి డాల్ఫిన్ ఏడుస్తూ వచ్చింది. "బాబాయ్! నా బిడ్డ బుడగకు ఊపిరాడటం లేదు. వీళ్లలాగే పోతుందా?"

బుడగంటే గంభీరయ్యకు ప్రాణం. సిగ్గు విడిచి బండ దిగి, శవం దగ్గరికి నడిచాడు. గిల్లక్క దాని ఛాతీ కోసి చూపించింది. ఊపిరితిత్తులు వాచి, చీము పట్టి ఉన్నాయి.

"ఇది అంటురోగం," అంది గిల్లక్క. "అలివేణీ, మీలో ఒకరికి జబ్బు చేస్తే ఏం చేస్తారు?"

"మా గుంపంతా చుట్టూ చేరి, వంతులవారీగా నీటిపైకి ఎత్తి పట్టుకుంటాం. ఊపిరి పీల్చుకోవాలిగా! అది మా ఆచారం."

"మంచి ఆచారమే తల్లీ," అన్నాడు గంభీరయ్య మెల్లగా. "కానీ ఆ రోగి ఊపిరి మీ అందరి ముఖాన పడుతోంది. బుడగను నువ్వొక్కదానివే పట్టుకో. మిగతావాళ్లను దూరంగా ఉండమను."

అలివేణి పది రోజులు ఒక్కతే బిడ్డను మోసింది. బుడగ కోలుకుంది. ఆ తర్వాత ఒడ్డుకు మరెవరూ కొట్టుకురాలేదు.

గంభీరయ్య సొరచేపను వెతుక్కుంటూ వెళ్లి క్షమించమన్నాడు.

"నా పంటి గాట్లు ఉన్నాయో లేవో ఒక్కసారి చూస్తే సరిపోయేదిగా, మామా!" అంది సొరచేప.

"చూడలేదురా," అన్నాడు గంభీరయ్య. "మొదటి రోజే చూసి ఉంటే, తర్వాత పోయిన ఇద్దరూ బతికేవాళ్లేమో." అతనికి ఏడుపు ఆగలేదు.

నీతి: దగ్గరికెళ్లి చూశాకే కారణం చెప్పాలి, చూడకుండా చెప్పిన మాట తప్పు లేనివాడికి శిక్ష అవుతుంది, జబ్బుకు అండ అవుతుంది.