సుంకమ్మ పేరున చాచే చేతులు

కొండలు కూడా కునుకు తీసే కాలం అది. ఎప్పుడని అడక్కండి, నాకూ తెలీదు. మంచు కమ్మిన ఏటి ఒడ్డున గాజుల సుంకమ్మ ఉండేది. నా అన్నవాళ్ళు లేని మనిషి. భుజాన గాజుల మలారం, నోటినిండా కబుర్లు, అంతే ఆస్తి.

ఒక పొద్దున సాలెవారి కోడలు నాగమ్మకి గాజులు తొడుగుతోంది. కుడిచేతికి వేస్తుంటే పిల్ల "అమ్మో, అబ్బో" అంటూ బిగదీసుకుంది. ఎడమచేతికి మాత్రం జర్రున ఎక్కేశాయి.

"ఎంత మెత్తని చెయ్యే తల్లీ!" అని మురిసిపోయింది సుంకమ్మ. గాజులమ్మేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? అంతలోనే అనుమానం వచ్చింది. ఒక్క మనిషికి ఒక చెయ్యి కర్రలా, ఒకటి వెన్నలా ఉంటుందా?

"అమ్మాయ్, కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాచు."

చాచింది. ఎడమచెయ్యి నిద్రపోతున్నట్టు మెల్లగా కిందికి దిగింది.

"ఏదీ, నవ్వు."

నవ్వింది. మూతి ఒక పక్కే నవ్వింది.

"లే, నిలబడు."

లేచింది. ఎడమకాలు మడతపడి సుంకమ్మ ఒళ్ళో కూలింది.

అత్త పాపక్క లబోదిబోమంటూ కషాయం గిన్నె పట్టుకొచ్చింది. "చేతికి గాలి సోకిందే! వాత పెడతాను. ముందీ కషాయం గొంతులో పొయ్యి!"

"ఆగు వదినా!" అని అడ్డుపడింది సుంకమ్మ. " చెయ్యే చెడితే మూతెందుకు వంకరపోయింది? కాలెందుకు కూలింది? మూడూ ఒక్కసారే, ఒక్క పక్కే పోయాయంటే, మూడింటినీ ఆడించే తలలోనే ఏదో అయింది. చేతిని కాలిస్తే తలకేం తెలుస్తుంది? వంకరపోయిన నోట్లో కషాయం పోస్తే ఊపిరికి అడ్డం పడుతుంది. బండి కట్టించు!"

మంచులోంచి, ఏటిలోంచి, జొన్నచేలలోంచి బండి సాగింది. దారంతా పిల్లని పక్కకి తిప్పి పట్టుకునే ఉంది సుంకమ్మ. అవతలి ఊరి వైద్యుడు చూసి, "తలలోనే దెబ్బ. వాతపెట్టి, కషాయం పోసి ఉంటే పిల్ల దక్కేది కాదు" అన్నాడు.

నాగమ్మ దక్కింది, చెయ్యి లేవలేదు. సుంకమ్మ రోజూ వచ్చి "ఎత్తవే, గాజులు మోగనీ" అనేది. వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, మామిళ్ళు పూశాయి. ఓ పొద్దున గల్లుమంది. సుంకమ్మ చిన్నపిల్లలా ఏడ్చింది.

ఏళ్ళు గడిచి సుంకమ్మ మంచాన పడింది. ఆఖరి నీళ్ళు నాగమ్మే పోసింది, ఎడమచేత్తో. ఎడమచేత్తో పోస్తావేమే అని ఏ ఒక్కరూ అనలేదు.

ఇప్పటికీ ఆ ఏటిగట్టున గాజులు తొడిగేముందు ఆడవాళ్ళు కళ్ళు మూసి రెండు చేతులూ చాస్తారు. రెండూ నిలిస్తే "సుంకమ్మ చల్లగా చూసింది" అని నవ్వుకుంటారు. ఒకటి దిగిందా, వాత మాట ఎవరూ ఎత్తరు. గాజులు అక్కడే వదిలేసి బండి కడతారు.