గుమ్మంలో కూర్చున్న దీవెనమ్మ

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. మీ తాతకి తాత ఇంకా పుట్టని కాలంలో, గోదారి లంకల్లో ఒక పేట ఉండేది. ఆ పేటలో ఒక చిన్న చర్చి. ఆ చర్చిలో చాపలు పరిచే ముసలమ్మ పేరు దీవెనమ్మ.

ఆమె మొగుణ్ణి సారా తినేసింది. అతను తాగినన్నాళ్ళూ వాళ్ళ గుమ్మం ఎవరూ తొక్కలేదు. పోయాక మాత్రం అందరూ వచ్చి ఏడ్చారు.

కొన్నాళ్ళకి పడవ నడిపే ఇస్సాకు తాగుడికి దిగాడు. పెళ్ళాం రూతమ్మ సిగ్గుతో చర్చికి రావడం మానేసింది.

"వాళ్ళింటికి నేను వెళ్తాను" అంది దీవెనమ్మ.

మొదటిసారి వెళ్తే ఇస్సాకు తిట్టాడు. ఆమె గుమ్మంలో కూర్చుంది. రెండోసారి వెళ్తే తలుపేసుకున్నాడు. ఆమె గుమ్మంలో కూర్చుంది. మూడోసారి వెళ్తే, "ఏం చెబుదామని వచ్చావు పెద్దమ్మా?" అన్నాడు.

"చెప్పడానికి రాలేదురా. నువ్వు చెబితే విందామని వచ్చాను."

ఇస్సాకు చెప్పాడు. వరదలో తన చెయ్యి జారిపోయిన తమ్ముడి గురించి, పొద్దు వాలేదాకా చెప్పాడు.

మర్నాడు తాగడం మానేశాడు. ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. దీవెనమ్మ వైద్యుణ్ణి పిలిపించింది. గంజి కాచి తాగించింది. రూతమ్మ చెయ్యి పట్టుకుని, "ఇందులో నీ తప్పేం లేదే అమ్మాయ్. దాచుకోకు, నీకు మేమున్నాం" అంది.

అది చూసి చర్చిలో నలుగురు, "మాకూ నేర్పు" అన్నారు. దీవెనమ్మ వాళ్ళని తన వెంట ఇంటింటికీ తిప్పింది.

"ముందు కూర్చోండి. తర్వాత వినండి. ఇంకేమైనా మిగిలితే అప్పుడు మాట్లాడండి" అనేది. పిల్లలున్న ఇంట్లో అన్నిటికన్నా ముందు పిల్లలు తిన్నారో లేదో చూడమనేది.

కోతల రోజుల్లో ఇస్సాకు మళ్ళీ తాగాడు. నేర్చుకున్నవాళ్ళు నీరుగారిపోయారు.

"ఇంత చేస్తే ఇదా? ఇక మేం వెళ్ళం" అన్నారు.

"నిలబడ్డవాడికి మనమెందుకు?" అంది దీవెనమ్మ. "పడ్డాడు గనకే వెళ్ళాలి."

ఒక్కతే బయల్దేరింది. కాస్త దూరం పోయేసరికి వెనక అడుగుల చప్పుడు. నలుగురూ వస్తున్నారు.

ఆసారి లేచిన ఇస్సాకు మళ్ళీ పడలేదు.

దీవెనమ్మ పోయిన రోజున లంకలన్నీ కదిలొచ్చాయి. ఒకప్పుడు తిన్నగా నిలబడలేని మగాళ్ళు ఆమె పెట్టెని మేం మోస్తామంటే మేం మోస్తామని పోటీపడ్డారు. తూలకుండా, తడబడకుండా మోశారు.

ఇప్పటికీ ఆ లంకల్లో, తాగుడు పట్టిన ఇళ్ళకి సేవకి వెళ్తామని కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు దేవుడి వాక్యం చెప్పే పని ఇవ్వరు. ఒక గుమ్మంలో కూర్చుని రమ్మంటారు. తిరిగొచ్చాక, ఏం చెప్పావని ఎవరూ అడగరు.

"ఏం విన్నావు?" అని అడుగుతారు.